తాడుకి అవతల పెద్దలు

ముందు నా సంగతి చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. నేను అసిస్టెంటు కోచ్‌ని. అంటే బంతుల సంచీ మోస్తాను, గ్రౌండు హద్దులకి పెట్టిన కోన్లు పడిపోతే నిలబెడతాను, పిల్లలకి షూ లేసులు కడతాను. ఆ లేసులు కట్టడం కూడా ఒక ఆరేళ్ళ పాప నేర్పిస్తే నేర్చుకున్నాను. అంతకుముందు నేను వేసిన ముడి ఆట మొదలయ్యేలోపే ఊడిపోయేది. ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసినదంతా కలిపినా ఆ లేసంత పొడుగు ఉండదు. ఈ పదవి నాకెలా వచ్చిందంటే, అసలు కోచ్ మా అక్క మొగుడు. జీతం ఆయనకీ లేదు, నాకూ లేదు. ఆయనకి ఈలైనా ఉంది.

ఆ శనివారం సాయంత్రం మేమిద్దరం గ్రౌండుకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల ఉన్న టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాం. నాలుగింటికి రావాల్సిన పిల్లలు నాలుగున్నరైనా రాలేదు. ఐదింటికి గ్రౌండు ఇన్‌చార్జి వచ్చి చూస్తానన్నాడు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు కనీసం ఏడుగురు ఆడుతూ కనిపిస్తే ఆ మూల స్థలం శనివారాలు మాకే ఉంటుంది. లేకపోతే వచ్చే వారం నుంచి పక్కనున్న షోరూము వాళ్ళు అక్కడ కార్లు నిలుపుకుంటారు.

బావ పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. వారమంతా "ఇదిగో అబ్బాయ్, ఆ ఫ్రేము తియ్యి" అని పిలిపించుకుంటాడు. నెత్తి మీద సగం జుట్టు పోయిన మనిషి. ఆయన్ని సార్ అని పిలిచేవాళ్ళు లోకంలో ఆ మూల స్థలంలోనే ఉన్నారు, అదీ ముందు పళ్ళు ఊడినవాళ్ళు. కాబట్టి అది పోతే ఆయనకి పోయేది స్థలం ఒక్కటే కాదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆయనకి ఇంకా బాగా తెలుసు. అందుకే మాట్లాడుతున్నాడు. మా బావకి భయమేస్తే నోరు ఆగదు.

వినేవాళ్ళు ముగ్గురు. టీ కాచే పిన్ని, బస్సు నడిపి రిటైరైన డ్రైవరుగారు, పక్క సందులో టైలరు. టైలరు మెడలో టేపు వేసుకునే వచ్చి, గ్లాసు పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. వాళ్ళమ్మాయి మొన్నమొన్నటిదాకా మా గోలుకీపరు. ఈమధ్య రావడం లేదు. బావ అందరి వంకా చూస్తూ మాట్లాడుతున్నాడు గాని, టైలరు దగ్గరికి వచ్చేసరికి చూపు అలా ఎగిరి రోడ్డు మీద పడుతోంది.

"పిల్లల్ని ఆడించడం ఏముందండీ, అదో పనా," అని మొదలుపెట్టాడు బావ. "అసలు కష్టమంతా తాడుకి అవతల నిలబడే పెద్దలతో. వాళ్ళని అదుపులో పెట్టినవాణ్ణి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. గొప్పకి చెప్పడం లేదు, జరిగింది చెబుతున్నాను. ఆ పళ్ళ డాక్టరు ఉన్నాడుగా, ఆయన గోలు వెనకాల నిలబడి కొడుకుని ‘ఎడం పక్కకి, ఎడం పక్కకి’ అని ఒకటే కేకలు. వాడికి ఎడమేదో కుడేదో ఇంకా తెలీదు పాపం, నాన్న మాట కాదనలేక ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాడు. నేను మెల్లిగా వెళ్ళి, ‘డాక్టరుగారూ, మీరు పన్ను పీకుతుంటే నేను కిటికీలోంచి పైది, పైది అని అరిస్తే మీకు బావుంటుందా’ అన్నాను. అంతే. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది."

"ఇంతవరకూ నమ్మొచ్చు," అన్నాడు డ్రైవరుగారు.

నమ్మొచ్చు. నేను అక్కడే ఉన్నాను. కాకపోతే బావ ఆ మాట అన్నప్పుడు డాక్టరుగారి కారు రెండు వీధులు దాటిపోయింది.

"ఆ తర్వాత బ్యాంకు మేనేజరమ్మ. ఆవిడ మడత కుర్చీ వేసుకుని, చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చునేది. మా వాడు ఇంతసేపు ఆడాడు, పక్కవాడు అంతసేపు ఆడాడు, మధ్యలో నీళ్ళు తాగిన టైము మాకు కలపండి, ఇదీ వరస. నేనన్నాను కదా, ‘కలుపుతానమ్మా, బంతి కాళ్ళ దగ్గరికొచ్చినప్పుడు మీవాడు విమానం చూస్తూ నిలబడ్డ టైము మరి తీసెయ్యాలిగా’ అని. తీసేస్తే ఏమైందో తెలుసా? వాడే మాకు బాకీ తేలాడు. ఆ స్టాప్‌వాచ్ ఉంది చూశారూ, సిగ్గుతో వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. వెనక్కి తిరిగీ తిరిగీ ఆవిడ ఆ రోజు పొద్దున్న వంట ఇంకా చెయ్యని టైముకి వచ్చేసింది. కంగారుగా లేచి ఇంటికి పరిగెత్తింది."

"బాబూ, పంచదార సరిపోయిందా," అంది పిన్ని.

"సరిపోయింది పిన్నీ, వినండి. ఇలా ఒక్కొక్కరితో కాదని చెప్పి ఓ తాడు కొన్నాను. గ్రౌండు అంచున మేకులు కొట్టి తాడు కట్టి, పెద్దలంతా దీనికి అవతల అన్నాను. బుద్ధిగా నిలబడ్డారు. నేను ఇటు తిరిగేసరికి ఎవరో ఒక మేకు పీకి ఓ అడుగు ముందుకి పాతారు. అటు తిరిగేసరికి అటువైపు వాళ్ళు ఇంకో అడుగు. ఎవరి పిల్లాడు వాళ్ళకి దగ్గరగా కనిపించాలిగా. ఇలా వారం వారం జరుపుకుంటూ జరుపుకుంటూ వచ్చి, చివరికి గ్రౌండు ఎంత మిగిలిందో తెలుసా? మా ఇంటి వసారా అంత. పిల్లలు పక్కపక్కన పట్టక రైలుపెట్టెల్లా ఒకరి వెనక ఒకరు నిలబడి ఆడారు. ముందున్నవాడు గోలు కొడితే వెనకున్నవాళ్ళందరికీ ఖాతాలో పడేది. ఆఖరికి బంతి పట్టడానికి కూడా చోటు లేకపోతే సగం గాలి తీసి ఆడించాను. అడగండి మా బామ్మర్దిని."

అందరూ నా వైపు తిరిగారు. నేను టీ ఊదుకున్నాను. తాడు కట్టిన మాట నిజం. మేకులు జరిపిన మాటా నిజమే. మిగతాదానికి సాక్ష్యం చెప్పేంత అసిస్టెంటుని కాను నేను.

"తాడు మూలాన అరుపులు తగ్గలేదు, దగ్గరయ్యాయి," అని బావ అందుకున్నాడు. ఈలోగా ఒక ఆటో వచ్చి గేటు ముందు నెమ్మదించింది. బావ మాట మధ్యలోనే ఆగి మెడ చాచాడు. ఆటోవాడు ఏదో అడ్రసు అడిగి వెళ్ళిపోయాడు. "అరుపులు దగ్గరయ్యాయా, అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. టాఫీలు. మామూలువి కాదు, పళ్ళకి అతుక్కుపోయి సాగేవి. గేటు దగ్గర నిలబడి తలా ఒకటి నోట్లో పెట్టి లోపలికి పంపాను. ఏమైందో తెలుసా? దవడలు అతుక్కుపోయాయి. ఒక్కరికీ మాట రాదు. అంత నిశ్శబ్దం మీరు ఎక్కడా విని ఉండరు. గడ్డి పెరుగుతున్న చప్పుడు వినిపించింది. పిట్టలు వచ్చి, వీళ్ళు స్తంభాలు కాబోలు అనుకుని నెత్తుల మీద వాలాయి. ఓ తండ్రి భుజం మీద పిచ్చుక గూడు కూడా మొదలుపెట్టింది, ఆట అయ్యేవరకూ ఆయన్ని కదలనివ్వలేదు. ఆ వారం ఊడొచ్చిన పళ్ళతో ఆ డాక్టరు మేడ మీద ఇంకో అంతస్తు వేశాడు."

"నోరు మూస్తే చేతులు ఊరుకుంటాయా," అన్నాడు డ్రైవరుగారు. ఆయనకి తెలీకుండానే కథలోకి దిగిపోయాడు.

"అదీ అడగాలి. ఊరుకోలేదు. ఇటు పో, అటు పో అని చేతులతో సైగలు. నలభై మంది ఒక్కసారి చేతులు ఊపితే గాలి పుట్టదా? పుట్టింది. ఆ గాలికి బంతి దానంతటదే వెళ్ళి గోల్లో పడడం మొదలెట్టింది. రోడ్డు మీద వెళ్తున్న సిటీ బస్సు డ్రైవరు ఆ సైగలు చూసి, ట్రాఫిక్ పోలీసులనుకుని బస్సుని నేరుగా గ్రౌండులోకి తిప్పేశాడు. దిగిన ప్రయాణికులు కూడా తాడు పట్టుకుని నిలబడి, ఎవరి పిల్లలో తెలీకుండానే రిఫరీని తిట్టారు."

"ఈ రూట్లో నేను నా సర్వీసంతా తోలానయ్యా."

"మీరు రిటైరయ్యాక జరిగింది."

"రిటైరయ్యాక నేను రోజూ ఈ బల్ల మీదే కూర్చుంటున్నాను."

"ఆ రోజు మీకు జలుబు," అన్నాడు బావ, తడుముకోకుండా.

పిన్ని నవ్వింది. టైలరు నవ్వలేదు. గ్లాసులో అడుగున మిగిలిన టీని ఇటూ అటూ తిప్పుతూ నిలబడ్డాడు. గ్రౌండులో మేము మధ్యాహ్నమే వచ్చి పెట్టిన కోన్లు ఎండలో వరసగా ఉన్నాయి. ఒక కుక్క వచ్చి, ఒకదాన్ని వాసన చూసి, నచ్చక వెళ్ళిపోయింది.

"మా ఇంటావిడని కూడా వదల్లేదు నేను," అన్నాడు బావ, గొంతు ఇంకాస్త పెంచి. "కోచ్ కూతురు కాబట్టి ముందు వరసలో ఆడించుకుంటున్నాడు అని ఎవరూ అనకూడదని, మా అమ్మాయిని వరసగా మూడు ఆటలు బయటే కూర్చోబెట్టాను. మా ఆవిడ గ్రౌండు మధ్యకి వచ్చి, ‘మన పిల్ల మీదా నీ ప్రతాపం’ అంది. ‘ఇక్కడ నువ్వు నాకు భార్యవి కావు, ఒక ప్లేయరు తాలూకు గార్డియన్‌వి. తాడు అవతలికి నడువు’ అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు. ఆ చప్పట్లకి షోరూము అద్దాలు పగిలాయి."

అద్దాల సంగతి అలా ఉంచి, మిగతాదంతా అక్షరాలా జరిగింది. మా అక్క ఆ రోజే పిల్లని ఈత క్లాసులో వేసేసింది. ఇంట్లో బావతో ఏదైనా చెప్పాల్సి వస్తే నాకు ఫోన్ చేస్తోంది. పక్క గదిలోంచే.

"ఇంక ఆఖరి ఘట్టం," అని బావ బల్ల మీద నుంచి లేచాడు. "ఇలా కాదు అని ఒక శనివారం పిల్లలందర్నీ తాడుకి అవతల కుర్చీల్లో కూర్చోబెట్టి, పెద్దల్ని లోపలికి తోలి, ఈల ఊది, ఇప్పుడు ఆడండి అన్నాను. తల్లులు, తండ్రులు, తాతలు, మేనమామలు, మొత్తం నాలుగు వందల మంది."

"నలభై అన్నావే ఇందాక," అంది పిన్ని.

"కబురందుకుని చుట్టాలు దిగారు పిన్నీ. మొదలైంది ఆట. డాక్టరు బంతిని వదలడు. మేనేజరమ్మ డాక్టరుని వదలదు. ఎవరికి వాళ్ళే ముందు ఆడతామంటారు, గోలు దగ్గర నిలబడే దిక్కు లేదు. రెండు వైపులా గోలుపోస్టులు బార్లా తెరిచి ఉన్నా ఒక్క గోలు పడదు. శనివారం అయిపోయింది, ఆదివారం అయిపోయింది, సోమవారం ఆఫీసులు తెరిస్తే వెళ్ళడానికి మనుషుల్లేరు. ఆఫీసర్లు వెతుక్కుంటూ వచ్చి, వాళ్ళూ ఓ జట్టు కట్టి దిగిపోయారు. ఊళ్ళో కరెంటు బిల్లు కట్టించుకునేవాడు లేడు, పన్ను పీకేవాడు లేడు. పిల్లలేమో తాడు పట్టుకుని, చల్లగా జ్యూసు తాగుతూ, ‘అమ్మా, ఎడం పక్కకి. నాన్నా, అలా పడుకుంటే ఎలా, లే, పరువు తీస్తున్నావు’ అని కేకలు. బుధవారం సాయంత్రానికి అందరూ సోలిపోయి, పాక్కుంటూ వచ్చి నా కాళ్ళు పట్టుకున్నారు. గురువుగారూ, బుద్ధొచ్చింది, మీరు ఏం చెబితే అదే అన్నారు. నేనేమన్నానో తెలుసా?"

"ఏమన్నావు," అన్నాడు డ్రైవరుగారు.

"ఇక మీదట ఈ గేటు దగ్గర ఒక్క తల్లీ, ఒక్క తండ్రీ నాకు కనిపించకూడదు అన్నాను. బోర్డు రాయించాను. అదుగో, ఎర్ర రంగుతో, ‘తల్లిదండ్రులకు ప్రవేశం లేదు.’ పెట్టి రెండు వారాలైంది. కావలిస్తే చూసుకోండి, ఒక్కళ్ళు వచ్చారేమో. ఒక్కళ్ళు."

చెయ్యి బారుగా చాపి గ్రౌండు వైపు చూపించాడు. మేమంతా చూశాం. బోర్డు నేనే రాశాను, అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి. గేటు తెరిచే ఉంది. లోపల ఎవరూ లేరు. ఆ చివర నుంచి ఈ చివర దాకా ఎవరూ లేరు. చాపిన చెయ్యి బావ దింపలేదు. ఆయనకి కూడా అప్పుడే కనిపించినట్టుంది.

టైలరు గ్లాసు పిన్ని చేతికిచ్చి, మెడలో టేపు సర్దుకున్నాడు.

"అందరి సంగతీ చెప్పావు గాని, నన్ను వదిలేశావేం అన్నయ్యా," అన్నాడు.

"నీదేముందిలేవయ్యా. చిన్న విషయం."

"చిన్నదే. మా అమ్మాయిని రోజూ గోల్లోనే నిలబెడుతున్నావు, బంతి మొహానికి తగిలి ముక్కు వాచింది, ఓ పది నిమిషాలు ముందుకి పంపి ఆడించమని అడిగాను. అదీ నీ పక్కకి వచ్చి, ఎవరికీ వినబడకుండా. నువ్వేమో అందరికీ వినబడేలాగా, ‘నువ్వు గుండీలు కుట్టుకో తమ్ముడూ, ఆట నేను కుట్టుకుంటాను’ అన్నావు. బావుంది మాట. అందరూ నవ్వారు. నాక్కూడా నవ్వొచ్చింది."

బావ ఏదో అనబోయాడు.

"ఇంటికెళ్తూ దారిలో మా అమ్మాయి అడిగింది. నిన్ను చూసి అందరూ ఎందుకు నవ్వారు నాన్నా అని. ఏం చెప్పాలో తెలీక, ఆట అంటే అంతేనమ్మా అన్నాను. అయితే నాకొద్దు ఆట అంది."

పిన్ని స్టవ్ తగ్గించింది. ఆ చప్పుడు తగ్గేసరికి రోడ్డు మీది లారీల మోత ఇంకా పెద్దగా వినిపించింది.

"నువ్వు చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదన్నయ్యా," అన్నాడు టైలరు. "నలభయ్యో, నాలుగు వందలో, అందర్నీ గెలిచావు. ఒక్కర్ని మిగల్చలేదు. నాకు అర్థం కానిది ఒకటే. మా పిల్లకి ఏడేళ్ళు. డాక్టరుగారి వాడికి ఆరు. ఈ రోడ్డు చూశావుగా. నువ్వు గెలిచిన మమ్మల్ని అందర్నీ పక్కన పెడితే, ఆ పిల్లలు ఎవరి చెయ్యి పట్టుకుని నీ దగ్గరికి రావాలి?"

కోపంగా అడిగి ఉంటే బావ దగ్గర జవాబు ఉండేది. ఎంత కోపానికైనా ఆయన దగ్గర ఓ జవాబుంటుంది, దానికి పైన ఇంకోటి కూడా ఉంటుంది. టైలరు మామూలుగా అడిగాడు, బటన్ పెద్దది పెట్టమంటారా చిన్నది పెట్టమంటారా అన్నట్టు. బావ బల్ల మీద కూర్చున్నాడు. నా వైపు చూశాడు. నేనేం చెబుతాను, లేసులు కట్టేవాణ్ణి.

ఇన్‌చార్జి స్కూటరు మీద వచ్చాడు. మంచి మనిషి, నిదానస్తుడు. గేటు దగ్గర దిగకుండా మమ్మల్ని చూసి ఇటే వచ్చి స్టాండు వేశాడు. ఒకసారి ఖాళీ గ్రౌండు వైపు చూసి, చూడనట్టు మొహం పెట్టి, "ఏం కోచ్‌గారూ, ఎంతమంది వచ్చారు ఇవాళ," అన్నాడు.

బావ మెడలో ఈల పట్టుకుని తిప్పుతున్నాడు.

"వచ్చారండీ," అంది పిన్ని. "ఇప్పటిదాకా ఆడి, ఎండగా ఉందని వెళ్ళారు. నా దగ్గరే నీళ్ళు తాగారు. ఎనిమిది మంది."

నేను ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను.

"తొమ్మిది మంది," అన్నాడు డ్రైవరుగారు, గొంతు సవరించుకుని. "నేను ఈ బల్ల మీదే ఉన్నానండీ. ఒక పిల్లాడైతే ఇక్కణ్ణించి అక్కడికి కొట్టాడు బంతిని, ఏం కొట్టాడండీ."

ఇన్‌చార్జి తలాడించాడు. నమ్మాడని కాదు. నమ్మడానికి ఇంకొక్కరు సాయం వస్తే చాలన్నట్టు టైలరు వైపు తిరిగాడు.

టైలరు గోడ వదిలి ఓ అడుగు ముందుకొచ్చాడు. "మా అమ్మాయి కూడా వచ్చింది సార్," అన్నాడు. "గోల్లో నిలబడింది."

అప్పుడు లేచాడు మా బావ. ఈల మెడలోంచి తీసి జేబులో వేసుకున్నాడు.

"లేదు సార్. ఎవరూ రాలేదు," అన్నాడు. "రెండు నిమిషాలు ఆగండి, లోపల మా కోన్లు ఉన్నాయి. తీసేస్తాను."